ఆరో తరగతిలోనే చెప్పనివ్వండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పంతొమ్మిదేళ్లుగా బయాలజీ చెబుతున్నాను. ఎనిమిదో తరగతిలో కౌమార దశ పాఠం మొదలుపెట్టిన ప్రతిసారీ నాకు ఒకటే బాధ: ఆలస్యంగా వచ్చాను. అప్పటికే క్లాసులో చాలామంది ఆడపిల్లలు పెద్దమనుషులై ఉంటారు. కొందరు మగపిల్లలకు గొంతు మారి ఉంటుంది.

కొన్నేళ్ల కిందట ఆరో తరగతి అమ్మాయి ఒకతి ఇంటి బెల్లు కొట్టినా బెంచీ మీద నుంచి లేవలేదు. మా హిందీ టీచరమ్మ పక్కన కూర్చుని అడిగితే, కడుపులో ఏదో తెగిపోయింది, చచ్చిపోతానేమో అని ఏడ్చింది. తర్వాత ఆ పిల్లను మూల కూర్చోబెట్టారు, చిమ్మిలి పెట్టారు. మేనమామ పట్టుబట్టలు తెచ్చాడు. వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. నేనూ వెళ్లి అక్షింతలు వేసి వచ్చాను. ఆ వేడుకను తప్పు పట్టను, వాళ్లకు కూతురంటే ప్రాణం. కానీ బడికి తిరిగొచ్చాక ఆ పిల్ల టీచరమ్మను అడిగిన మొదటి మాట: "ఇది మళ్లీ వస్తుందా టీచర్?" అంతమంది పేరంటాళ్లలో ఆ ఒక్క ముక్క చెప్పినవాళ్లు లేరు. 2021లో స్వేచ్ఛ పథకం కింద నాప్‌కిన్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కూడా లెక్క ఏడో తరగతి నుంచే.

మగపిల్లల సంగతి ఇంకా అన్యాయం. వాళ్లను పట్టించుకునేవాళ్లే లేరు. తొమ్మిదో తరగతిలో బాగా చదివే కుర్రాడొకడు రెండు నెలల్లో చిక్కిపోయాడు. అన్నం తినడం లేదు, ఆటలకు రావడం లేదు. ఎన్నోసార్లు అడిగితే ఒకరోజు చెప్పాడు. నిద్రలో బట్టలు తడుస్తున్నాయి. నలభై చుక్కల రక్తం కలిస్తే ఒక చుక్క వీర్యం అని ఎవరో చెప్పారు. తన రక్తమంతా పోతోందని వాడి భయం. బస్టాండు గోడ మీద "నరాల బలహీనత" అని రాసి ఉన్న నంబరుకు ఫోన్ చేసి, లాడ్జిలో కూర్చునే ఒకాయన దగ్గర పొడి పొట్లాలు కొన్నాడు. డబ్బులు ఇంట్లో దొంగిలించాడు. "అది అందరికీ అవుతుంది నాన్నా, జబ్బు కాదు, నాకూ నీ వయసులో అయింది" అన్నాను. వాడు నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. నాకు పట్టింది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు వాడి పదకొండో ఏట ఎవరూ ఇవ్వలేదు.

ఇంకో ఇబ్బంది భాషది. ఒంట్లో ఆ భాగాలకు పుస్తకంలో ఉన్నవి సంస్కృతం మాటలు, వీధిలో ఉన్నవి బూతులు. మధ్యలో పిల్లలు నోరు తెరిచి చెప్పగలిగే మాట లేదు. "అక్కడ" అంటారు, తల దించుకుంటారు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో చేసిన అధ్యయనంలో సగం మందికి పైగా, 53 శాతం పిల్లలు, ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. ఆ రాష్ట్రాల్లో మనదీ ఉంది. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లే. పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించడానికి 2012లో పోక్సో చట్టం వచ్చింది, పిల్లల సహాయానికి 1098 నంబరు గోడ మీద ఉంది. జరిగింది చెప్పడానికి మాటే లేని పిల్ల ఫోన్ చేసి ఏం చెబుతుంది?

ఇవన్నీ చెబితే పిల్లలు చెడిపోతారని పెద్దల భయం. 2007లో కొన్ని రాష్ట్రాలు ఈ భయంతోనే కౌమార విద్య కార్యక్రమాన్ని వద్దన్నాయి. ఈ చదువు వల్ల పిల్లలు తొందరపడరని యునెస్కో 2018 మార్గదర్శకాలు తేల్చి చెప్పాయి. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా తొమ్మిదో తరగతి దాకా ఆగొద్దు, చిన్న వయసు నుంచే చెప్పాలంది. అయినా తల్లిదండ్రుల భయాన్ని నేను కొట్టిపారేయను. వాళ్ల చేతుల్లోని ఫోన్లే పిల్లల చేతుల్లోనూ ఉన్నాయి. అందులో ఏం కనిపిస్తోందో వాళ్లకూ తెలుసు.

బడికి ఇద్దరు హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్లు, అంటే పిల్లలకు ఆరోగ్య విషయాలు చెప్పే టీచర్లు, ఉండాలన్న నియమం ఉంది, మా బడిలో ఒకణ్ణి నేనే. అయ్యా, ఈ విషయాలు చెప్పడానికి ఒక గంట ఆరో తరగతి నుంచే టైం టేబుల్లో పెట్టించండి. సిలబస్ అవలేదని దాన్ని లెక్కల మాస్టారికి ఇచ్చేయకుండా చూడండి. ఆడపిల్లలకూ మగపిల్లలకూ రెండు విషయాలూ చెప్పనివ్వండి. పక్క బెంచీ అమ్మాయికి నెలసరి అంటే ఏమిటో తెలిసిన కుర్రాడు ఆమె గౌను మీద మరక చూసి నవ్వడు, నేను చూశాను. పేరు రాయకుండా ప్రశ్న వేసే డబ్బా ఒకటి ప్రతి బడిలో పెట్టించండి. మా దగ్గర చెప్పుల అట్టపెట్టెతో మేమే చేసుకున్నాం. మొదటి వారంలోనే నిండిపోయింది. ఎవరైనా ఊళ్లో గొడవ చేస్తే టీచరును ఒంటరిగా వదిలేయకుండా రాతపూర్వకంగా ఒక ఉత్తర్వు ఇవ్వండి. నాకు ఒకసారి ఆ గొడవ అయింది. ఆ ఏడాదంతా పాఠం చెప్పాలంటేనే టెన్షన్.

మెగా పేరెంట్ టీచర్ మీటింగుకు ఇప్పుడు తండ్రులు కూడా వస్తున్నారు. వచ్చే మీటింగులో ఈ విషయానికి అరగంట ఇప్పించండి. మా బడిలో ముందు నేనే లేచి మాట్లాడతాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ బడి బయాలజీ మాస్టారు