కొండ కింది ఊరికి కొండ మొక్కలు ఇప్పించండి

రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

మాది తిరుపతి, కరకంబాడి రోడ్డు వైపు. మిద్దెక్కితే శేషాచలం కొండ కనిపిస్తుంది. పోయిన కార్తీకంలో పెరట్లో కరివేపాకు తుంచబోతే ఆకు మీద పిట్టరెట్టలా ఉన్నది కదిలింది. చూస్తే సీతాకోకచిలుక పురుగు. కొన్నాళ్ళకు పచ్చగా తిరిగింది. వేలు తగిలిస్తే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు రెండు బయటపెట్టి ఘాటైన వాసన వదిలేది. పక్కింటి అక్క మందు కొట్టమంది, నాకు చేతులు రాలేదు. ఒకరోజు పొద్దున గూడు చీల్చుకుని వచ్చి, మా మనవరాలు చూస్తుండగానే తడి రెక్కలు ఎండకు ఆరబెట్టుకుని గోడ దాటిపోయింది.

దాటి ఎక్కడికి పోయింది అన్నదే నా దిగులు. తేనె ఏ పువ్వులోనైనా తాగుతుంది గానీ, గుడ్లు పెట్టాలంటే దానికి కరివేపాకో, నిమ్మో, మారేడో కావాలి. ఎర్ర ఒంటి సీతాకోకకు ఈశ్వరి జాతి తీగ ఉండాలి. మరొకదానికి జిల్లేడు, ఇంకోదానికి రేల, తంగేడు. రోడ్ల మధ్య మనం పెంచే కాగితంపూలు, కోనోకార్పస్ అనే విదేశీ చెట్లు ఈ పురుగులకు తిండి కావు. గింజలు తినే ఊరపిచ్చుక కూడా పిల్లల నోట్లో పురుగులే పెడుతుంది. పురుగు లేకపోతే పిచ్చుక ఎలా నిలుస్తుంది సార్?

మా వీధి చివర ఖాళీ జాగాలో తంగేడు పొదలుండేవి. ఎవరో జేసీబీతో చదును చేయించి, సిమెంటు తొట్లలో బయటి మొక్కలు పెట్టారు. తంగేడు కోసం ఒక నర్సరీకి పోతే, "అది ఊరికే మొలిచేది కదమ్మా, ఎవరు కొంటారు" అన్నారు. ఊరికే మొలిచే చోటే లేకుండా పోయాక, దాన్నీ కొనుక్కోవలసిందే కదా.

శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు, అంటే చెట్టూ జీవీ కాపాడటానికి ప్రభుత్వం గుర్తించిన చోటు. ఎర్రచందనం, ఈత చెట్టులా కనిపించే అరుదైన పేరిత లాంటివి పుట్టిన కొండ ఇది. దాని కిందనే ఉన్న ఊరికి మొక్కలు ఎక్కడి నుంచో రావడం నాకు బాధగా ఉంది. 2018లో వేపను రాష్ట్ర వృక్షంగా, రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్నాం. ఆ చిలుకకు తొర్రలున్న ముసలి చెట్లు కావాలి. వాటిని రోడ్డు వెడల్పులో కొట్టనివ్వకండి.

అడిగేది పెద్దదేం కాదు. అటవీ శాఖ నర్సరీల్లో తంగేడు, ఈశ్వరి, మారేడు, రేల, నేరేడు విత్తనం నుంచి పెంచి ఇళ్ళకూ బడులకూ ఇప్పించండి. కొండ మీద నుంచి పెరికి మాత్రం వద్దు. మాకు గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లో పడతాయి కాబట్టి, ఎండ మిగిలుండే జూలైలో కాక అప్పుడే పంచితే మొక్క బతుకుతుంది. పక్కన తమిళనాడు 2025లో కోనోకార్పస్ నాటడాన్ని నిషేధించింది. మీరూ ఆ పని చేయండి.

పోయిన ఏడాది ఏరిన తంగేడు గింజలు నా దగ్గర ఒక డబ్బా నిండా ఉన్నాయి. వేడినీళ్ళు పోసి రాత్రంతా నానేస్తే బాగా మొలుస్తున్నాయి. ఏ నర్సరీకి ఇమ్మంటే అక్కడికి తెచ్చిస్తాను.

ఇట్లు,
తిరుపతి గృహిణి