షుగరు మాత్రలు ఇచ్చే రోజే పాదాలు కూడా చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

కాలు పోయినవారికి మన ప్రభుత్వం అండగా నిలుస్తోంది. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైంది. షుగరు ముదిరి మోకాలి కింద కాలు తీసేసిన మనుషుల ఇళ్లలో ఆ డబ్బుతోనే పొయ్యి వెలగడం నేను చూస్తున్నాను. అదే మనిషి కాలు పోకముందు, అరికాలు మొద్దుబారిన రోజుల్లో పీహెచ్‌సీకి వెళ్తే దొరికేది నెలకు సరిపడా మాత్రలు మాత్రమే. మా ప్రాంతంలో ఆయన చేత చెప్పులు విప్పించి పాదం చూసేవారు లేరు. మెత్తటి చెప్పులు ఇచ్చేవారూ లేరు.

నేను కుష్ఠు నివారణ కార్యక్రమంలో పారామెడికల్ ఉద్యోగిగా పనిచేసి రిటైరయ్యాను. సాలూరు, పార్వతీపురం చుట్టుపక్కల ఊళ్లలో ఉద్యోగమంతా స్పర్శ లేని పాదాలు చూడటంతోనే గడిచింది. ఇప్పుడు ఏ ఊళ్లో రచ్చబండ దగ్గర కూర్చున్నా అలాంటి పాదాలే కనిపిస్తున్నాయి, జబ్బు పేరు మాత్రం వేరు. బొటనవేలి మొదట్లో గట్టిపడ్డ ఆనెకాయ, దాని చుట్టూ పగుళ్లు, దాని కింద నొప్పి లేకుండా పెరుగుతున్న పుండు. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరుతో ఉన్నారని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. ఏళ్ల తరబడి షుగరు అదుపులో లేకపోతే మొదట దెబ్బతినే వాటిలో పాదాల నరాలు ఒకటి.

పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చారు. కుష్ఠు రోగుల వేళ్లు జబ్బు వల్ల వాటంతటవే రాలిపోతాయని అప్పట్లో అందరూ నమ్మేవారు. నొప్పి తెలియక, గాయమైన కాలితోనే నడుస్తూ ఉండటం వల్ల పాదం పాడవుతోందని ఆయన, ఆయన తోటి వైద్యులు నిరూపించారు. ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్) అనే మెత్తటి రబ్బరు చెప్పులు కుష్ఠు రోగుల కాళ్లకు వచ్చింది ఆ ఎరుకతోనే. తర్వాత ఆయన అమెరికా వెళ్లి, కార్విల్‌లోని కుష్ఠు ఆస్పత్రిలో పనిచేస్తూ, ఇక్కడ నేర్చుకున్నది షుగరు పాదాలకూ వర్తింపజేశారు. వేలూరు పాఠం సముద్రాలు దాటింది గానీ మన పీహెచ్‌సీల్లో కుష్ఠు రిజిస్టరు నుంచి షుగరు రిజిస్టరులోకి మాత్రం రాలేదు.

నిజానికి షుగరు పాదం కుష్ఠు పాదం కంటే ప్రమాదకరం. కుష్ఠులో స్పర్శ పోయినా సాధారణంగా రక్తం బాగానే అందుతుంది కాబట్టి, విశ్రాంతి ఇస్తే పుండు మానేది. షుగరులో కాలి రక్తనాళాలు కూడా పూడుకుపోతాయి, చీము త్వరగా పైకి పాకుతుంది. అందుకే స్పర్శతోపాటు నాడి కూడా చూడాలి. పాదం పైన ఒక చోట, లోపలి చీలమండ వెనక ఒక చోట వేళ్లు ఆనిస్తే అది తెలుస్తుంది. మరో తేడా కూడా చెప్పాలి. కుష్ఠు రోగులను రోజూ పాదాలు నీళ్లలో నానబెట్టి, గరుకు రాయితో రుద్ది, నూనె రాసుకోమనేవాళ్లం. షుగరు ఉన్నవారు అలా నానబెట్టకూడదు, రాయితో రుద్దకూడదు. కడుక్కుని, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడుచుకోవాలి. ఆనెకాయను బ్లేడుతో కోసుకోవడం, తిమ్మిర్లు పోతాయని వేడినీళ్ల కాపడం పెట్టుకోవడం అసలే వద్దు. కాపడంతో బొబ్బలెక్కి ఆస్పత్రి పాలైన పాదాలు చాలా చూశాను.

మా వీధిలో ఒక కౌలు రైతు ఉన్నాడు. ఓ సాయంత్రం పొలం నుంచి ఒక కాలికే చెప్పుతో ఇంటికొచ్చాడు. రెండోది గట్టు మీద ఎక్కడో జారిపోయింది, భార్య అడిగేదాకా ఆయనకు తెలియలేదు. నవ్వుకుని ఊరుకున్నారు. చెప్పు జారినా తెలియకపోవడం కంటే గట్టి హెచ్చరిక ఏముంటుంది? ఆ తర్వాత తుమ్మముల్లు దిగి మడమలోనే విరిగింది. సాక్సుకు చీము అంటుకుంటే తప్ప ఎవరూ గమనించలేదు. ఆర్‌ఎంపీ దగ్గర కొన్నాళ్లు కట్లు కట్టించుకుని, ఆ కాలితోనే రోజూ పొలానికి నడిచాడు. పెద్దాస్పత్రికి చేరేసరికి మోకాలి కింద తీసేయడం తప్ప దారి లేకపోయింది. అన్నేళ్లూ ఆయన నెలనెలా క్రమం తప్పకుండా షుగరు మాత్రలు తెచ్చుకున్నాడు. ఒక్కసారి కూడా ఎవరూ ఆయన పాదం చూడలేదు.

చూడటానికి యంత్రాలు అక్కర్లేదు. అరికాలికి తాకించి స్పర్శ చూసేందుకు, పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు ఉంటే మంచిదే. అదీ లేకపోతే ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు రూపొందించిన పద్ధతి ఉంది. రోగిని కళ్లు మూసుకోమని, రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను చూపుడువేలితో ఒకటి రెండు క్షణాలు తేలిగ్గా తాకాలి. మొత్తం ఆరు చోట్ల. నొక్కకూడదు, రుద్దకూడదు. రెండు చోట్లయినా తెలియలేదంటే ఆ పాదం ప్రమాదంలో ఉన్నట్టే. మా అమ్మాయి వాళ్ల అత్తగారికి ఇలాగే చూసింది. ఆశా కార్యకర్తకు పది నిమిషాల్లో నేర్పవచ్చు. షుగరు ఉన్న ప్రతి ఒక్కరికీ ఏడాదికి ఒక్కసారైనా పాదాలు పరీక్షించాలని, ఒకసారి పుండు పడి మానినవారిని ఒకటి నుంచి మూడు నెలలకోసారి చూడాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మానిన పుండ్లలో సుమారు 40 శాతం ఏడాదిలోపే మళ్లీ వస్తాయి కాబట్టే అంత జాగ్రత్త.

చెప్పుల విషయం కాస్త వివరంగా రాయాలి. ఎంసీఆర్ చెప్పుకు లోపల మెత్తటి రబ్బరు, కింద ముల్లు దిగని గట్టి అడుగు, జారిపోకుండా మడమ వెనక పట్టీ ఉంటాయి. మేకులు కొట్టరు, జిగురుతో అతికిస్తారు. కుష్ఠు రోగులకు ఇవి ఉచితంగా ఇచ్చేవాళ్లం. అయితే ఆ నల్ల చెప్పు చూడగానే ఊరికి జబ్బు తెలిసిపోతుందని చాలామంది గూట్లో దాచేసేవారు. షుగరు రోగులకు ఇచ్చేటప్పుడు ఆ తప్పు జరగకూడదు. బజారులో దొరికే చెప్పుల్లా రంగుల్లో, ఆడవాళ్లు పెళ్లికి వేసుకెళ్లగలిగేలా చేయించాలి.

పుండు పడ్డాక కట్టు ఎంత శ్రద్ధగా కట్టినా, దాని మీదే నడిస్తే మానదు. బరువు తప్పించాలి. కుష్ఠు ఆస్పత్రుల్లో అరికాలి పుండుకు సిమెంటు కట్టు వేసి మాన్పిన అనుభవం మన దేశంలో ఎప్పటి నుంచో ఉంది. రక్తప్రసరణ సరిచూసి షుగరు పుండ్లకూ అలాంటి కట్టు వేస్తారు. ప్రతి ఏరియా ఆస్పత్రిలో వారానికి ఒక రోజు పాదాల క్లినిక్ పెడితే ఈ పని జరుగుతుంది. తమిళనాడు ప్రభుత్వం పీహెచ్‌సీ స్థాయి నుంచే షుగరు పాదాల పరీక్షకు ప్రత్యేక పథకం మొదలుపెట్టింది. మనకు అడ్డేమిటి?

అయ్యప్ప మాల, భవానీ దీక్ష వేసుకునేవారి గురించి కూడా ఆలోచించాలి. స్పర్శ లేని పాదంతో నలభై రోజులు చెప్పుల్లేకుండా తిరిగితే గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. ఆరోగ్యం బాగోలేని స్వాములకు మినహాయింపు ఇచ్చిన గురుస్వాములను నేనెరుగుదును. మాల వేసేటప్పుడే షుగరు ఉందా, పాదాలు చూపించుకున్నావా అని వాళ్లు అడిగితే డాక్టరు మాట కంటే ఎక్కువ పనిచేస్తుంది.

2005 డిసెంబరులో కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని దేశం ప్రకటించాక మా విభాగం పల్చబడింది. చాలామంది రిటైరయ్యారు. ఆ చేతుల్లోని పని ఇప్పుడు ఏఎన్‌ఎంలకు, ఆశాలకు కావాలి. వైద్య ఆరోగ్య శాఖను నేను కోరేది ఇంతే: మాత్రలు ఇచ్చే రోజున పాదం చూసి పుస్తకంలో ఒక ముక్క రాయించండి, మొద్దుబారిన పాదానికి చెప్పులివ్వండి, పుండు పడితే ఆ రోజే పై ఆస్పత్రికి పంపండి. రిటైరైన పారామెడికల్ ఉద్యోగుల పేర్లు జిల్లా కుష్ఠు నివారణ కార్యాలయంలో ఉంటాయి. పిలిస్తే మండలానికొకరం వచ్చి నేర్పుతాం, భత్యం అడగం.

ఇట్లు,
ఒక విశ్రాంత పారామెడికల్ ఉద్యోగి,
పార్వతీపురం మన్యం జిల్లా