పోనీకి మగ గుర్రాన్ని చూసేటప్పుడు

అందరికీ నమస్కారం. నిన్న మన తమ్ముడొకరు 52 అంగుళాల ఎత్తున్న ఆడ పోనీని (పొట్టి రకం గుర్రాన్ని) 64 అంగుళాల మార్వాడీ మగ గుర్రంతో దాటిస్తానన్నాడు, అంటే జత కట్టిస్తానన్నాడు. పిల్ల ఎత్తుగా వస్తే మంచి ధర పలుకుతుందని ఆశ. కాస్త ఆగు తమ్ముడూ.

ఈనేటప్పుడు పిల్ల అడ్డం పడుతుందన్న భయం కంటే వేరే చిక్కులు ఎక్కువ. 1938లో కేంబ్రిడ్జ్‌లో వాల్టన్, హామండ్ అనే శాస్త్రవేత్తలు భారీ షైర్ గుర్రాలనూ బుల్లి షెట్‌లాండ్‌లనూ కలిపి చూశారు; పుట్టినప్పటి పిల్ల సైజు ఎక్కువగా తల్లిని బట్టే వచ్చింది. కానీ అంత బరువు మీద పడితే పోనీకి దెబ్బ తగలొచ్చు. పిల్లకూ కాళ్లొక తీరు, ఒళ్లొక తీరుగా రావచ్చు. నా మాట వింటే మగ గుర్రం ఎత్తు 56, 57 అంగుళాలు దాటొద్దు.

మగ గుర్రం రంగు, చెవులు తర్వాత చూద్దువు గానీ, ముందు పెదవి ఎత్తి పళ్లు చూడు. పైపళ్లు ముందుకు పొడుచుకొస్తే వద్దు, ఆ లోపం పిల్లలకూ దిగొచ్చు. రెండు వృషణాలూ కిందికి దిగాయో లేదో చూడు. గట్టి నేల మీద ఎదురుగా నడిపించమను.

గ్లాండర్స్ అనే అంటురోగానికి చేసే రక్తపరీక్ష రిపోర్టు చూపించకపోతే వెనక్కి వచ్చేయ్. అది మనుషులకూ అంటుతుంది, తేలితే గుర్రం దక్కదు.

చూడి మోసేది పదకొండు నెలలు. పోనీని పక్క నుంచి తీసిన ఫోటో ఒకటి ఇక్కడ పెట్టు, అందరం చూసి చెబుతాం.