కార్నర్ జెండా దగ్గర మీటరు చోటు లేదు

సంపాదకులకు,

నగరపాలక సంస్థ స్టేడియంలో ఫుట్‌బాల్ మైదానం చుట్టూ ఉన్న పరుగుల ట్రాక్ పీకేసి ఫుట్‌బాల్‌కే ఇవ్వాలని కొందరు, ఫుట్‌బాల్‌ని బయటికి పంపాలని ఇంకొందరు మీ పేపర్‌కి రాస్తున్నారు. నేను ఇరవై ఏళ్లు అథ్లెటిక్స్ మీట్లలో టేపు పట్టుకుని దూరాలు కొలిచినవాణ్ణి. మా చిన్నవాడేమో అదే మైదానంలో లెఫ్ట్ వింగ్ ఆడతాడు. ఈ తగువు మాకు రోజూ ఇంట్లోనే నడుస్తుంటుంది.

పోయిన నెల వాడు కార్నర్ కొట్టబోయి కాలు బెణికించుకున్నాడు. బంతి కొట్టడానికి తీసే పరుగు ట్రాక్ మీది నుంచే మొదలుపెట్టాలి, వేరే చోటు లేదు. మూడో అడుగు కెర్బ్ అంచు మీద పడింది. అది ట్రాక్ లోపలి అంచు వెంట అయిదు సెంటీమీటర్ల ఎత్తుండే అల్యూమినియం పట్టీ. మడమ తిరిగిపోవడానికి ఆ ఎత్తు చాలు. మర్నాడు పొద్దున్నే టేపు తీసుకుని వెళ్లాను. ట్రాక్ వంపు వ్యాసార్థం 36.50 మీటర్లు, ఒక్కో నేరు భాగం 84.39. అందులో 105 × 68 మైదానం ఇరికిస్తే కార్నర్ జెండాకీ కెర్బ్‌కీ మధ్య లెక్క ప్రకారం 97 సెంటీమీటర్లు మిగలాలి. నా టేపు 95 చూపించింది.

అంటే కట్టినవాళ్ల తప్పేం లేదు. ఆ కెర్బ్ ఊడదీసి మళ్లీ బిగించేలా చేసిందే. మ్యాచ్‌కి ముందు నాలుగు మూలల్లో తీసి, తర్వాత పెట్టాలి. ఆ పని ఎవరిదో ఎవరికీ తెలియదు. ఒక మూల తీసిన ముక్కలు వంకరపోయి స్టోర్ రూమ్‌లో పడున్నాయి, ఇంకో మూల అసలు తీయనే లేదు.

కెర్బ్ లేకపోతే రన్నర్లకేం నష్టం అంటారేమో. మొదటి లేన్‌లో 400 మీటర్లు కెర్బ్‌కి 30 సెంటీమీటర్ల అవతల కొలుస్తారు. కెర్బ్ లేక, గీత దగ్గరగా పరిగెత్తనిస్తే, పది సెంటీమీటర్లు లోపలికి జరిగినా ల్యాప్‌కి 63 సెంటీమీటర్లు తగ్గుతుంది. పదివేల మీటర్ల రేసంటే 25 ల్యాపులు, దాదాపు 16 మీటర్లు ఎగిరిపోతాయి. అందుకే కెర్బ్ తీసిన చోట కోన్లు పెట్టమంటారు. మా దగ్గర కోన్లు ఫుట్‌బాల్ ప్రాక్టీసుకి వెళ్లిపోయాయి!

ఫుట్‌బాల్ వాళ్ల గోడు కూడా అబద్ధం కాదు. అథ్లెట్లు విసిరే 7.26 కిలోల హ్యామర్, అంటే తీగకి కట్టిన ఇనప గుండు, గడ్డిలో దిగితే చిన్న గిన్నెంత గొయ్యి. ఆ సాయంత్రమే పూడ్చకపోతే మర్నాడు ఎవడో అందులో కాలు పెడతాడు. ఎనిమిది లేన్లు దాటి చూడాలి కాబట్టి గ్యాలరీకి ఆట దూరం అన్నదీ నిజమే. మాంచెస్టర్‌లో 2002 కామన్వెల్త్ క్రీడలయ్యాక ట్రాక్ తీసేసి ఫుట్‌బాల్‌కి ఇచ్చారు. జ్యూరిక్ నగరానికి చెందిన లెట్సిగ్రుండ్‌లో మాత్రం పరుగులూ ఫుట్‌బాలూ రెండూ సాగుతున్నాయి. 1960లో జర్మనీ రన్నర్ ఆర్మిన్ హారీ వంద మీటర్లు 10.0 సెకన్లలో పరిగెత్తింది అక్కడే.

నాకు అన్నిటికంటే ఒళ్లు మండింది ఇంకో విషయానికి. ట్రాక్ పాడవకూడదని, పరుగు పందాలకి బూట్ల కింది స్పైక్స్ (మేకులు) 9 మిల్లీమీటర్లు దాటితే మేం కుర్రాళ్లని వెనక్కి పంపుతాం. ఎవరిదో ఫంక్షన్ స్టేజీ సామాను దింపడానికి లారీ నేరుగా ట్రాక్ మీదికే వచ్చింది. కింద మ్యాట్ కూడా వేయలేదు. నాలుగో లేన్‌లో టైరు అచ్చు ఇప్పటికీ ఉంది, వేలు పెడితే దిగుతుంది.

ట్రాక్ పీకే ఖర్చు గురించి మాట్లాడేముందు ఒక మనిషిని పెట్టండి. కెర్బ్ తీసి పెట్టడం, గోతులు పూడ్చడం, గేటు తాళం, అన్నీ అతని చేతిలోనే ఉండాలి.

మా వాడు మళ్లీ ఆడుతున్నాడు. కార్నర్లు మాత్రం వేరేవాడితో కొట్టిస్తున్నారు.

– ఒక పాత మెజర్‌మెంట్ జడ్జి