గ్రీన్‌విల్ కోర్టులో నా పక్కన నిలబడినవాళ్లకు

విడాకుల ఉత్తర్వు కిందటి వారం చేతికొచ్చింది. తెలిసినవాళ్లు ఫోన్లు చేస్తూనే ఉన్నారు, తెలియనివాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. అందుకే నేనే రాసేస్తున్నాను. మా బాబు వాళ్ల నాన్న గురించి ఇక్కడ ఏమీ రాయను. చివరికి ఇద్దరం మాట్లాడుకునే ముగించుకున్నాం, అంతవరకు చాలు. ఇది నాకు సాయం చేసినవాళ్ల కోసం. పేర్లు వద్దన్నారు కాబట్టి పెట్టడం లేదు. చదివితే ఎవరికి వాళ్లకే అర్థమవుతుంది.

గ్రీన్‌విల్ ఉన్న అమెరికా రాష్ట్రం సౌత్ కరోలినాలో ఎవరి తప్పూ చూపించకుండా విడిపోవాలంటే భార్యాభర్తలు ఏడాదిపాటు వేర్వేరు ఇళ్లలో ఉండి తీరాలి. ఒకే ఇంట్లో చెరో గదిలో ఉన్నామంటే కుదరదు. మధ్యలో మళ్లీ కాపురం కలిస్తే లెక్క మొదటికొస్తుంది. 1895 నాటి ఈ రాష్ట్ర రాజ్యాంగం అసలు విడాకులే ఇవ్వకూడదంది, 1949లో గాని ఆ నిషేధం పోలేదు. ఆ పట్టుదల ఇంకా పూర్తిగా వదల్లేదేమోనని నా అనుమానం. ఎందుకంటే ఏడాది నిండాక కూడా మన మాట ఒక్కటే చాలదు. మనం విడిగా ఉంటున్నామని కళ్లారా చూసినవాళ్లెవరైనా సాక్ష్యం చెప్పాలి.

"మీ సాక్షి ఎవరు?" అని లాయరుగారు అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. తెనాలిలో అయితే పిలవకపోయినా వీధి వీధంతా వచ్చేది. గ్రీన్‌విల్ మరీ పెద్ద ఊరు కాదు. 2020 లెక్కల్లో ఊళ్లో 70 వేల పైచిలుకు, కౌంటీ మొత్తం మీద 5 లక్షల 25 వేల మంది. అందులో నాకు తెలిసిన మనవాళ్లలో ఎక్కువమంది ఆయన ఆఫీసు స్నేహితుల కుటుంబాలే. పండక్కి అందరం ఒకచోట తిన్నవాళ్లం. ఇప్పుడొచ్చి నా వైపు నిలబడండి అని వాళ్లను ఏ మొహంతో అడగను?

అడిగింది ఎదురు ఫ్లాట్ పెద్దావిడని. డెబ్బై దాటాయి. ఇక్కడ పెద్దవాళ్లని పేరుకు ముందు 'మిస్' చేర్చి పిలవడం మర్యాద, మా బాబు అలాగే పిలుస్తాడు. నేను మాత్రం ఆంటీ అంటాను, ఆవిడకి అదే ఇష్టం. కోర్టుకు రావాలంటే భయపడతారేమో అనుకున్నాను. "ఎన్నింటికి బయల్దేరాలి?" అన్నారు, అంతే.

ఆరోజు చర్చికి వేసుకెళ్లే గౌను వేసుకుని, హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని బోనులో కూర్చున్నారు. వీళ్లు విడిగా ఉంటున్నట్టు మీకెలా తెలుసని లాయరుగారు అడిగారు. "ఆ అమ్మాయి దిగిన రోజు నాకు గుర్తుంది సర్. జూలై నాలుగుకి ముందొచ్చిన శనివారం. పిల్లాడి మంచం ఒక్కతే మెట్ల మీదుగా లాక్కొస్తుంటే తలుపు పట్టుకున్నది నేనే" అన్నారు. తర్వాత అన్న మాట నేను అసలు ఊహించలేదు. "వాళ్లు చెప్పులు గుమ్మం బయటే విప్పుతారు. నేను రోజూ చూస్తాను. ఎప్పుడూ ఇద్దరివే, పెద్దవాళ్లవి ఒక జత, పిల్లాడివి ఒక జత. ఆదివారం సాయంత్రం ఒకాయన వచ్చి బాబుని దింపుతాడు, గుమ్మం దాటడు." జడ్జిగారు రాసుకుంటున్నవారల్లా తలెత్తి చూశారు. చెప్పులు బయట విప్పే అలవాటు కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుందని మా అమ్మకి చెబితే రెండోసారి మళ్లీ చెప్పించుకుంది. ఆంటీ, మీకు తెలుగు రాదు, అయినా ఇది మా బాబు మీకు చదివి వినిపిస్తాడు.

పక్కనే ఉన్న మాల్డిన్ ఊరి గుళ్లో పరిచయమైన అక్కకి ఎంత చెప్పినా తక్కువే. మొదట్లో మా మధ్య ఇంత సామరస్యం లేదు, బాబు ఎవరి దగ్గర ఉండాలన్నది తేలేదాకా తాత్కాలిక ఉత్తర్వు కోసం వెళ్లాల్సి వచ్చింది. ఆ విచారణ మామూలుగా పావుగంటే, సాక్షుల్ని పిలవరు, అంతా కాగితాల మీదే. ఆ అఫిడవిట్లు కూడా ఒక్కో పక్షానివి ఎనిమిది పేజీలు దాటకూడదు. నేను రాసుకున్నదేమో చేటభారతం. అక్క రాత్రి వాళ్ల పిల్లల్ని పడుకోబెట్టి వచ్చి, మా డైనింగ్ టేబుల్ దగ్గర ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంది. నా ఏడుపంతా కొట్టేసింది. బడికి దింపేదెవరు, జ్వరమొస్తే సెలవు పెట్టేదెవరు, టీచరుతో మాట్లాడేదెవరు, ఇవి మాత్రం ఉంచింది. "నీ బాధ నాకు చెప్పుకో, జడ్జికి టైమ్‌టేబుల్ చెప్పు" అంది. అప్పుడు కోపమొచ్చింది గాని, లాయరుగారు అందులో ఒక్క ముక్క మార్చలేదు. మధ్యవర్తి దగ్గర మీడియేషన్ జరిగిన రోజు బావగారు బాబుని ఫాల్స్ పార్కుకి తీసుకెళ్లి, లిబర్టీ బ్రిడ్జి మీద అలిసిపోయేదాకా తిప్పి, అన్నం పెట్టి తీసుకొచ్చారు. థాంక్స్ బావగారూ.

విజయవాడలో ప్రాక్టీస్ చేసే మా బాబాయ్ పెట్టిన టెన్షన్ కూడా మేలుకే వచ్చింది. తిరుపతిలో పెళ్లయిన ఒక జంటకి అమెరికాలో మిస్సోరీ కోర్టు ఇచ్చిన విడాకులు చెల్లవని 1991లో మన సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. బాబాయ్ ఆ తీర్పు పంపి, "అక్కడ కాగితం వచ్చింది కదాని ఊరుకోకు. ఆయన కూడా కోర్టుకొచ్చి ఒప్పుకున్నట్టు రికార్డులో ఉండాలి. లేకపోతే రేపు ఇక్కడ మళ్లీ మొదలు" అన్నాడు. ఇక్కడి లాయరుగారికి ఇది కొత్త సంగతి, అయినా ఓపిగ్గా విని ఆ మాట ఉత్తర్వులో రాయించారు. ఇండియాలో పెళ్లి చేసుకుని ఇక్కడ విడిపోతున్నవాళ్లు దయచేసి ఈ ఒక్కటీ ముందే అడిగి తెలుసుకోండి.

గ్రీన్‌విల్ చుట్టుపక్కల ఎవరికైనా సాక్షి కావాల్సి వస్తే నేనొస్తాను. వారం ముందు చెబితే సెలవు పెట్టుకుంటాను. కాకపోతే ఇప్పటినుంచే మా ఇంటికి టీకి వస్తూ ఉండండి, ముక్కూమొహం తెలియనివాళ్ల సాక్ష్యం ఇక్కడ చెల్లదు.