ఉద్యోగం మానేస్తానన్న అమ్మాయికి

బంగారు తల్లీ,

ఉద్యోగం మానేసి మ్యాజిక్‌నే నమ్ముకుంటానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాన్న పేపరు ముందు పెట్టుకుని కూర్చుంటున్నారు గానీ పేజీ తిప్పడం లేదు. నేను ఊరుకోలేక రాస్తున్నాను. ఫోన్ చేస్తే ‘అమ్మా, టెన్షన్ పడకు’ అని సగంలోనే మాట మార్చేస్తావు, ఉత్తరంలో ఆ వీలు లేదు.

మ్యాజిక్ వద్దని చెప్పబోవడం లేదు. పెట్టెలూ రంపాలూ పెట్టుకుని స్టేజీ మీద చేసేది కాదు, బల్ల చుట్టూ కూర్చున్న నలుగురి ముందు పేకముక్కలతో, నాణేలతో చేసేదే నీకిష్టమన్నావు. పక్కన పిల్లలకు క్లాసులు కూడా పెడతానన్నావు. సరే. నేను అడిగేవి రెండే. డబ్బు ఎలా వస్తుంది? పాఠం ఎలా చెబుతావు? జీవితమంతా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని కాబట్టి రెండో దాంట్లో కాస్త గట్టిగానే మాట్లాడతాను.

నీ దేవుడు, ఆ పేకముక్కల మాంత్రికుడు డై వెర్నన్ గురించి దొరికినంత చదివాను. నువ్వెప్పుడూ చెప్పే కథ 1922 నాటి షికాగోది. ఏ ట్రిక్ అయినా మూడుసార్లు చూస్తే గుట్టు చెప్పేస్తానని అప్పట్లో పేరుమోసిన మాంత్రికుడు హుడినీ గొప్పలు పోయేవాడు. వెర్నన్ ఆయన చేతే ఒక ముక్క మీద పొడి అక్షరాలు రాయించి, దాన్ని కట్టలో పైనుంచి రెండోదిగా పెట్టి, పైముక్క తిప్పితే అదే ముక్క! మూడుసార్లు కాదు, మళ్ళీ మళ్ళీ చూసినా హుడినీకి అంతు చిక్కలేదు. (ఎలాగో నీకు తెలుసు, కన్నతల్లికి మాత్రం చెప్పవు.)

మంచి కథే. కానీ ఆ తర్వాత అద్దె ఎలా కట్టాడో నీ కథలో ఉండదు. ఆయన చాలాకాలం బతికింది కత్తెర మీద. న్యూయార్క్‌లో జనం సరదాకి వెళ్ళే కోనీ ఐలాండ్ లాంటి చోట్ల కూర్చుని, ఎదుటి మనిషి ముఖం చూస్తూ నల్ల కాగితాన్ని ఆ ఆకారంలో కత్తిరించి ఇస్తే డబ్బులిచ్చేవారు. 1941లో న్యూయార్క్‌లో నది పక్కన కట్టడం పనికి వెళ్ళి, పైనుంచి పడి రెండు చేతులూ విరగ్గొట్టుకున్నాడు. ప్రపంచంలోకెల్లా నేర్పున్న చేతులు! అప్పటికి భార్య, ఇద్దరు కొడుకులు ఉన్నారు. వాళ్ళ ఊసు మీ మ్యాజిక్ వాళ్ళ కబుర్లలో రానే రాదు, నాకు మాత్రం అదే పట్టుకుంది. అన్నట్టు, ఆయన కూడా కెనడాలో ఒక మిలిటరీ కాలేజీలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివినవాడేనట. ఇంజినీరింగ్ చదివి పేకముక్కలు పట్టింది మన పిల్ల ఒక్కతే కాదని నాన్నకు చెప్పాను. పెద్దగా ఊరట కలిగినట్టు లేదు.

నాకు ఇంకా నచ్చినవాడు అర్జెంటీనా ఆయన, రెనె లావండ్. తొమ్మిదేళ్ళప్పుడు యాక్సిడెంట్‌లో కుడిచెయ్యి పోయింది. ఉన్న ఎడమచేత్తోనే పేకముక్కలు నేర్చుకుని, ముప్పై దాటేదాకా బ్యాంకు ఉద్యోగం చేస్తూ సాధన చేశాడు. ఆ తర్వాతే దీన్ని బతుకుదెరువు చేసుకున్నాడు. ఆయన వీడియోలు చూశాను. ఎంత నిదానం! చేతివేగం కంటిని మోసం చేస్తుందని అందరూ అంటారు కదా, ఈయన చేతిలో వేగమే లేదు, అయినా మనకేమీ కనపడదు. నువ్వు పిన్నిగారింట్లో చేసినప్పుడు ఎవరో తరుముతున్నట్టు చేశావు. నీ ముఖంలో కంగారు చూసి జనం నీ చేతులకేసే చూశారు.

అందుకని చెబుతున్నాను, ఉద్యోగం ఇప్పుడే మానకు. కనీసం ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు బ్యాంకులో పడనీ. మొన్నటి సంగీత్‌కి నిన్ను పిలిచినవాళ్ళు టేబుల్ టేబుల్ తిప్పించి, ఇంకా డబ్బులివ్వలేదన్నావు. ఇకనుంచి సగం అడ్వాన్స్ చేతిలో పడ్డాకే డేట్ ఒప్పుకో, మిగతాది మొదటి ముక్క తియ్యకముందే తీసుకో. అడగడానికి మొహమాటపడితే ఈ వృత్తిలో బతకలేవు.

ఇక పాఠం సంగతి. 1932లో, నలభైకి దగ్గరపడిన వయసులో, వెర్నన్‌కు ఒక ఖైదీ ఓ మాట చెప్పాడట, పైముక్క పంచుతున్నట్టే కనిపిస్తూ కట్ట మధ్యలోంచి ముక్క పంచేవాడు ఒకడున్నాడని. అందరూ అసాధ్యమన్న పని అది. వెర్నన్ ఆ మనిషి కోసం ఊళ్ళు వెతికి, మిస్సోరీలో ప్లెజెంట్ హిల్ అనే చిన్న ఊళ్ళో ఆలెన్ కెనెడీ అనే పేకాటరాయుణ్ణి పట్టుకుని నేర్చుకున్నాడు. అప్పటికే మ్యాజిక్ వాళ్ళలో ఆయనకు గొప్ప పేరు! తర్వాత 1963లో హాలీవుడ్‌లో మ్యాజిక్ వాళ్ళ క్లబ్బు, మ్యాజిక్ కాజిల్ తెరిస్తే డెబ్బైకి దగ్గరపడిన మనిషి అక్కడికి చేరి, తొంభై దాటాక కూడా వచ్చిన కుర్రాళ్ళకు చెబుతూనే ఉన్నాడు. ‘ప్రొఫెసర్’ అన్న పేరు ఊరికే నిలవలేదు.

ఆయన శిష్యుల్లో నాలాగే లెక్కలవాడు ఒకడున్నాడు, పెర్సీ డయాకోనిస్. పద్నాలుగేళ్ళకే ఇల్లొదిలి వెర్నన్ వెంట పోయాడు (ఈ ముక్క నాన్నకు చదివి వినిపించకు). పేకాటలో అవకాశాల లెక్క తెలుసుకోవాలని పెద్ద పుస్తకం కొంటే ఒక్క పేజీ అర్థం కాలేదు. దానికోసమే ఇరవై దాటాక రాత్రి కాలేజీలో చేరి, చివరికి స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసరయ్యాడు. కట్టను రెండుగా చేసి అంచులు జారవిడుస్తూ కలుపుతారే, అలా ఏడుసార్లు కలిపితే 52 ముక్కలు దాదాపు పూర్తిగా కలిసిపోతాయని డేవ్ బేయర్‌తో కలిసి 1992లో లెక్క కట్టి చూపించింది ఈయనే. ఆ లెక్క నేను క్లాసులో చెప్పినరోజు వెనక బెంచీ కూడా నిద్రపోలేదు.

‘ఇదిగో గుట్టు’ అని వీడియో పెడితే అది పాఠం కాదు, తెలిసిపోయింది అనుకుని పిల్లవాడు ఫోన్ పక్కన పడేస్తాడు. పదిమంది కంటే ఎక్కువ పిల్లల్ని తీసుకోకు. కిట్ డబ్బాలు అంటగట్టకు, రూపాయి బిళ్ళా, రబ్బరు బ్యాండూ చాలు. అద్దం ముందు చేయించు, ఆ తర్వాత ఒకరి ముందు ఒకరి చేత చేయించు. మన వీధుల్లో గారడీవాళ్ళు నేలమీద గిన్నెలూ బంతులూ పెట్టుకుని, చుట్టూ జనం మూగి ఉండగా చేసేవారు. దాచుకోవడానికి బల్ల కూడా ఉండేది కాదు. వాళ్ళ గురించి కూడా పిల్లలకు చెప్పు. మన పట్టాభిరామ్ గారు మ్యాజిక్‌తో మొదలుపెట్టి హిప్నాటిజానికీ వ్యక్తిత్వ వికాసం పాఠాలకూ వచ్చారు, అదీ ఒక దారే.

కింది వాటావాళ్ళు మార్చిలో ఖాళీ చేస్తున్నారు. వేసవి సెలవుల్లో అక్కడ చాపలు పరిచి మొదటి బ్యాచ్ పెట్టుకో. అద్దె అడగను, కరెంటు బిల్లు నీదే. పక్క వీధి పిల్లల తల్లులు అప్పుడే ఫీజెంతని అడుగుతున్నారు. ఎంతో నువ్వే చెప్పు, మన చుట్టాల పిల్లలక్కూడా అదే రేటు.

అమ్మ