నొప్పితో బతికేవాళ్లకు నెలకో గంట కావాలి

సంపాదకులకు నమస్కారాలు.

నేను జగిత్యాల జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే ఉపాధ్యాయురాలిని. పన్నెండేళ్లుగా నాకు కీళ్లవాతం ఉంది. డాక్టర్లు దీన్ని రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. కీళ్లనొప్పుల మీద పత్రికల్లో నేను చదివే వ్యాసాలు మందులు, ఆహారం, వ్యాయామం దగ్గరే ఆగిపోతున్నాయి. ఏళ్ల తరబడి నొప్పితో బతికే మనిషికి అదే నొప్పి తెలిసిన మరో మనిషి ఎంత అవసరమో ఎక్కడా కనబడక ఈ ఉత్తరం రాస్తున్నాను.

వయసు మీద పడ్డాక మోకాళ్లు అరగడం వేరు, ఈ జబ్బు వేరు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేయడం వల్ల ఇది వస్తుంది. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. నాకు ముప్పై నాలుగో ఏట మొదలైంది. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి గంట, గంటన్నర దాకా పిడికిలి పడదు. కుళాయిని రెండు మణికట్ల మధ్య పట్టి తిప్పుతాను. జాకెట్టు హుక్కులు మా అమ్మాయి పెడుతుంది. సుద్దముక్క వేళ్లలో నిలవక జారిపోతుంటే దానికి పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి లావు చేసుకున్నాను. ఇంత జరిగాక పదింటికి ఇస్త్రీ చీరతో బడిలో నిలబడితే, చూసినవాళ్లు "మీకేమైంది మేడం, మంచిగనే ఉన్నరు కదా" అంటారు. వాళ్లను తప్పుపట్టలేను, ఎందుకంటే వాళ్లకు కనబడేది పదింటి తర్వాతి మనిషే.

ఇంట్లో వాళ్లూ చెడ్డవాళ్లు కారు. జ్వరమైతే తగ్గేదాకా అడుగుతారు. తగ్గని దాని గురించి రోజూ అడగడం ఎవరికైనా కష్టమే. మొదటి ఏడాది పొద్దున్నే "ఎట్లుంది" అని అడిగినవాళ్లు మూడో ఏటికి అడగడం మానేశారు, నేను చెప్పడమూ మానేశాను. నా అనుభవంలో నొప్పి కంటే ఈ మౌనమే ఎక్కువ కుంగదీసింది. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు, తనకు నొప్పిగా ఉందని మనిషి చెప్పిన మాటను గౌరవించాలని ప్రత్యేకంగా చేర్చింది. మూడు నెలలు దాటి నిలిచిన నొప్పిని దీర్ఘకాలికమైనదిగా లెక్కిస్తారు. పన్నెండేళ్ల నొప్పిని రక్తపరీక్షలో అంకె పెరిగినప్పుడు మాత్రమే నమ్మే వైద్యులను నేను చూశాను, అంకె మామూలుగా ఉన్నప్పుడు కూడా ఓపిగ్గా నమ్మినవాళ్లనూ చూశాను.

నా మౌనం వదిలింది హైదరాబాదులో ఒక ఆసుపత్రి ఓపీ బెంచీ మీద. తెల్లవారుజామున బస్సెక్కి వెళ్లి టోకెన్ తీసుకుని కూర్చున్నాను. పక్కన నలభై ఏళ్ల మనిషి కొంగు చాటున వేళ్లు ఒకటొకటిగా సాగదీసుకుంటోంది. నేను రోజూ చేసే పని అదే కనుక ఆమె కీళ్లవాతం మనిషని వెంటనే తెలిసిపోయింది. "నీకు గూడ పొద్దుగాల్నే ఎక్కువుంటదా అక్కా?" అని ఆమే అడిగింది. ఔనన్నాను. "నాకొక్కదానికే అనుకున్న" అంది. పన్నెండేళ్లలో నన్ను ఆ ప్రశ్న సరిగ్గా ఆ మాటల్లో అడిగిన మొదటి మనిషి ఆమె. మా మండలం పక్క మండలమే, బీడీలు చేస్తుంది. ఒడిలో చాట పెట్టుకుని, కత్తిరించిన తునికాకులో తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మడిచే పని పూర్తిగా వేళ్ల కొసలదే. కూలి వేయి బీడీల లెక్కన వస్తుంది. ఒకప్పుడు రోజుకు ఎనిమిది వందలు చుట్టిన చెయ్యి ఇప్పుడు మూడు వందల దగ్గరే ఆగిపోతోందని, ఇంట్లో మాత్రం బద్ధకమంటున్నారని చెప్పింది. నాకు కనీసం జీతం తగ్గదు, సెలవు దొరుకుతుంది. ఆమెకు నొప్పి ఎంత పెరిగితే కూలి అంత తగ్గుతుంది.

ఆ పరిచయం ఒక ప్రాణం మీదికి వచ్చిన సంగతిని కూడా బయటపెట్టింది. ఈ జబ్బుకు ఎక్కువగా రాసే మెథోట్రెక్సేట్ మాత్రను వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే నోరు పూసి, రక్తకణాలు పడిపోయి, ప్రాణాపాయం కలగవచ్చు. రెండు వారాల తర్వాత ఫోనులో మాట్లాడుతూ ఆమె నోటిపూత వల్ల అన్నం తినలేకపోతున్నానంది. మాత్రలు ఎట్లా వేసుకుంటున్నావని అడిగితే, "అన్ని గోలీలు రోజుకొక్కటి" అంది. మందుల చీటీ ఇంగ్లీషులో ఉంది, అమ్మినవాళ్లు విడమరిచి చెప్పలేదు. ఆ మాత్ర ఆపి ఆ పూటే ఆసుపత్రికి వెళ్లమన్నాను. తెల్లరక్తకణాలు అప్పటికే తగ్గాయని తేలింది, చికిత్సతో కోలుకుంది. అంతా ఆమె నోటిపూత సంగతి ఒక తోటి రోగికి మామూలు కబురుగా చెప్పినందువల్లే తెలిసింది. మేం ఎవరమూ వైద్యులం కాము. అయినా నా మాత్రల అట్ట మీద "బుధవారం మాత్రమే" అని నేను రాసుకునే అలవాటు ఆ రోజు ఆమెకు పనికొచ్చింది.

ఇప్పుడు మేం ఏడుగురం. రెండో శనివారం మా బడి వరండాలో కలుస్తాం. ఒకరు దర్జీ, ఒకరు అంగన్‌వాడీ టీచరు. వెన్నెముక బిగుసుకుపోయే జబ్బు, ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్, ఉన్న ఆర్టీసీ డ్రైవరు ఒకాయన కూడా వస్తారు. అడగని సలహా చెప్పకూడదని, డాక్టరు రాసిన మందు ఆపమని ఎవరూ ఎవరికీ అసలే చెప్పకూడదని ముందే అనుకున్నాం. ఊళ్లో దొరికే పేరులేని పొడులలో, పొట్లాలలో స్టెరాయిడ్లు కలిపి అమ్మడం అందరికీ తెలిసిందే కనుక ఈ నియమం విషయంలో గట్టిగా ఉంటాం. మిగతాదంతా మాట్లాడుకోవడమే. డ్రైవరు గారు మొదటి మూడు నెలలు ఒక్క మాటా మాట్లాడలేదు. నాలుగో నెల, రాత్రి పక్క మీద ఒత్తిగిలాలంటే మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుని తిరగవలసి వస్తోందని, అది భార్యకు తెలియకూడదని దీపం వెయ్యనని చెప్పారు. నిద్రలేమి, భయం, ఒంటరితనం నొప్పిని పెంచుతాయని వైద్యులే చెబుతారు. మా ఏడుగురిలో ఎవరి కీళ్లూ బాగుపడలేదు. కానీ మందు మానేసినవాళ్లు ఇద్దరు మళ్లీ మొదలుపెట్టారు, ఆరు నెలలుగా మానలేదు.

ఇది మా అదృష్టం మీద ఆధారపడకూడదనేదే నా విన్నపం. చట్టం వైపు నుంచి మాకు పెద్దగా ఆసరా లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి సికిల్ సెల్, హీమోఫీలియా వంటి రక్త సంబంధ జబ్బులకూ చోటిచ్చింది, అది మంచిదే. దీర్ఘకాలిక నొప్పికి మాత్రం ఆ జాబితాలో పేరు లేదు. కీళ్లు వంకరపోయి, కదలిక పోయి, వైకల్యం 40 శాతం ఉందని తేలాకే మాలో ఎవరికైనా ఆ చట్టం పూర్తిగా వర్తిస్తుంది. అంత దాకా రాకుండా చూసుకోవలసిన ఏళ్లలోనే మనిషికి తోడు కావాలి.

కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన ఉపశమన చికిత్స క్లినిక్ నుంచి పెరిగిన ఉద్యమం, మలప్పురం వంటి జిల్లాల్లో ఊరి మనుషులనే స్వచ్ఛంద సేవకులుగా రోగుల ఇళ్లకు నడిపించింది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దాన్ని విధానంగా ప్రకటించింది. అది ప్రధానంగా మంచం పట్టినవాళ్ల కోసమైనా, వైద్యం ఆసుపత్రి గోడల దగ్గర ఆగనక్కర్లేదని చూపించింది. మనకూ నెలనెలా కూర్చునే అలవాటు కొత్త కాదు. పొదుపు సంఘాల ఆడవాళ్లు అప్పు పుస్తకాలు ముందు పెట్టుకుని ఏళ్లుగా కూర్చుంటూనే ఉన్నారు. ఆ కూటమిలోనే నెలకు పది నిమిషాలు ఈ మాటకు ఇవ్వవచ్చు. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో బీపీ, షుగరు రోగులకు చూపే శ్రద్ధలో కొంత మాకూ చూపి, ఆశా కార్యకర్తల చేత ఊళ్లో ఇట్లాంటివాళ్లు ఎవరున్నారో గుర్తింపజేయవచ్చు. వారానికి ఒకసారి వేసుకునే మాత్ర మీద ఆ రోజు పేరును తెలుగులో రాసి ఇవ్వడానికి ఖర్చేమీ లేదు.

ఆసుపత్రుల వారిని నేను అడిగేది చిన్నదే. కీళ్ల రోగుల ఓపీ ఉన్న రోజున, పక్కన ఖాళీగా ఉన్న ఏదో ఒక గదిని నెలకో గంట మాకు వదలండి. అందులో చేతులున్న కుర్చీలు వెయ్యండి, చేతుల్లేని కుర్చీలోంచి మాలో చాలామందిమి లేవలేము.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
జగిత్యాల జిల్లా